పన్ను తీయించుకున్నాక చెవి మూసుకుపోతే

అక్కుపల్లి నుంచి ఒక సోదరి రాసిన లేఖ ఈ నెల శీర్షికకు ఆధారం. ఆమె భర్త పలాసలో జీడిపప్పు పరిశ్రమలో పనిచేస్తారు. కింది దవడలో ఎడమవైపు జ్ఞానదంతం తీయించుకున్న మరునాటి నుంచి ఆయనకు ఎడమ చెవి దిబ్బడ వేసినట్లు ఉంటోంది. ఫజ్ర్ అజాన్ ఎక్కడో దూరాన వినిపిస్తున్నట్లు ఉందంటున్నారు. నాలుగు రోజులుగా మందుల దుకాణంలో కొన్న నొప్పి బిళ్లలతో కాలం గడుపుతున్నారు. ఇరుగుపొరుగువారు వెల్లుల్లి వేసి కాచిన కొబ్బరినూనె చెవిలో పోయమని సలహా ఇచ్చారు. “పన్ను నరమూ చెవి నరమూ ఒకటేనా? పన్ను తీస్తే చెవుడు వస్తుందా? ఇంకా ఎన్నాళ్లు ఆగి చూడవచ్చు?” అన్నవి ఆ సోదరి ప్రశ్నలు.

ఇది నెలసరి పత్రికలో సమాధానం కోసం ఎదురుచూడదగిన విషయం కాదు. అందుచేత ఆమెకు వెంటనే జవాబు పంపాము. అయితే ఇదే సందేహం మరికొన్ని కుటుంబాలలోనూ తలెత్తవచ్చు. పైగా ఉద్దానం ప్రాంతవాసులు ఈ విషయంలో ఇతరులకంటె ఒక జాగ్రత్త ఎక్కువ తీసుకోవలసి ఉంది. కనుక ఇక్కడ కొంత వివరంగా చర్చిద్దాం.

మొదటి ప్రశ్నకు సమాధానం: పన్ను నరం వేరు, వినికిడి నరం వేరు. కింది పళ్లకు స్పర్శనూ నొప్పినీ తెలిపే నరం ముఖానికి సంబంధించిన పెద్ద నరానికి ఒక శాఖ. శబ్దాన్ని మెదడుకు చేరవేసే నరం లోపలిచెవి నుంచి నేరుగా మెదడుకు వెళుతుంది. పన్ను తీసే పరికరం దాని దరిదాపులకు కూడా పోదు. అయితే పళ్లకు శాఖనిచ్చిన నరమే మరొక శాఖను చెవి ముందుభాగానికీ, చెవి రంధ్రపు చర్మానికీ, దవడ కీలుకూ పంపుతుంది. అందువల్ల పన్ను ఉన్నచోట పుట్టిన నొప్పి చెవిలో పుట్టినట్లుగా మెదడుకు తోస్తుంది. చెవి నొప్పి పుడుతున్నంత మాత్రాన చెవిలో జబ్బు ఉన్నట్లు కాదు.

ఇక దిబ్బడ సంగతి. మీ చిటికెనవేలిని చెవి రంధ్రంలో మెల్లగా ఉంచి నోరు తెరచి మూయండి. వేలికి ఏదో కదులుతున్నట్లు తెలుస్తుంది. అదే దవడ కీలు. కీలుకూ చెవి రంధ్రానికీ మధ్య ఉన్నది పలుచని ఎముక గోడ మాత్రమే. జ్ఞానదంతం తీసేటప్పుడు నోరు చాలాసేపు తెరచి ఉంచడం వల్ల, దవడపై పడిన ఒత్తిడి వల్ల ఈ కీలూ దాని చుట్టూ ఉన్న కండరాలూ వాచి బిగుసుకుపోతాయి. మరొక కారణం కూడా ఉంది. మధ్యచెవి నుంచి గొంతు వెనుకకు ఒక సన్నని నాళం ఉంటుంది. దీనిని యుస్టేషియన్ నాళం అంటారు. మనం గుటక వేసినప్పుడల్లా అది తెరచుకొని చెవి లోపలి గాలి ఒత్తిడిని బయటి గాలితో సమానం చేస్తుంది. గొంతు పక్కన వాపు ఉన్నా, నొప్పికి భయపడి గుటక తక్కువగా వేసినా ఆ నాళం సరిగా తెరచుకోదు. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు చెవులు దిబ్బడ వేసినట్లే ఇదీ.

పన్ను తీసిన తర్వాత వాపు రెండు మూడు రోజుల వరకు పెరిగి, అటుపై తగ్గుముఖం పడుతుంది. దవడ బిగువు ఒకటి రెండు వారాలు ఉండవచ్చు. వాటితోపాటే చెవి దిబ్బడ కూడా తగ్గుతుంది. ఎక్కువమంది అనుభవం ఇదే. మొదటి రోజు బుగ్గపై బయటినుంచి చల్లని కాపడం, మరునాటి నుంచి గోరువెచ్చని కాపడం పెట్టాలి. మెత్తని ఆహారం తీసుకోవాలి. నొప్పి తగ్గుతున్న కొద్దీ దవడను మెల్లమెల్లగా కదిలించాలి. చాలామందికి ఇది చాలు.

మూడవ నాడు, నాలుగవ నాడు నొప్పి తగ్గడానికి బదులు పెరిగి, చెవిదాకా పాకి, నోటి నుంచి దుర్వాసన వస్తుంటే పన్ను గుంటలోని రక్తపు గడ్డ ఊడిపోయి ఎముక బయటపడి ఉండవచ్చు. దంతవైద్యుడు గుంటను శుభ్రపరచి మందు పెడితే ఉపశమనం కలుగుతుంది. బీడీ, చుట్ట తాగేవారికి ఈ బాధ ఎక్కువ. వుజూ చేసేవారు కూడా ఇక్కడొక సంగతి గమనించాలి. మొదటి రోజున నోటిలో నీటిని గట్టిగా పుక్కిలించి ఉమ్మితే ఆ గడ్డ ఊడిపోగలదు. నీటిని మెల్లగా తీసుకొని, తల వంచి దానంతట అది జారిపోనివ్వాలి. రక్తం కారుతున్నప్పుడు వుజూ, సజ్దా ఎలా చేయాలన్నది మీ మస్జిద్ ఇమామ్ గారిని అడగండి. రోగికి ధర్మం ఇచ్చిన సౌలభ్యాన్ని వినియోగించుకోవడంలో తప్పు లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. చెవి దిబ్బడ వేరు, వినికిడి పోవడం వేరు. పన్ను చికిత్స తర్వాత ఒక చెవిలో వినికిడి అకస్మాత్తుగా పడిపోయిన సంఘటనలు కొన్ని వైద్య గ్రంథాలకు ఎక్కాయి. ఇవి చాలా అరుదు. పన్ను తీయడమే కారణమా, ఆ సమయానికి యాదృచ్ఛికంగా వచ్చిందా అన్నది అన్నింటిలోనూ తేలలేదు. కారణం ఏదైనా చేయవలసిన పని ఒక్కటే. మూడు రోజులలోపు ఒక చెవి వినికిడి గణనీయంగా పడిపోతే దానిని వైద్యులు అత్యవసర స్థితిగా పరిగణిస్తారు. స్టెరాయిడ్ మందులతో చికిత్స చేస్తారు. ఈ చికిత్స ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. రెండు వారాలు దాటితే ఫలితం దక్కే అవకాశం బాగా తగ్గిపోతుంది. మధుమేహం ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే స్టెరాయిడ్లు చక్కెరను పెంచుతాయి.

ఈ రెంటి మధ్య తేడాను ఇంటి వద్దనే కొంతవరకు గుర్తించవచ్చు. పెదవులు మూసి “మ్” అని దీర్ఘంగా మూలగమని రోగికి చెప్పండి. ఆ ధ్వని దిబ్బడ వేసిన చెవిలోనే గట్టిగా వినిపిస్తే, శబ్దం లోపలికి పోయే దారిలో అడ్డంకి ఉందన్నమాట. వాపు, గుబిలి, గాలి ఒత్తిడి ఇటువంటివే. ఒక చెవిని వేలితో మూసుకొని ఇదే చేసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. అలా కాక, ధ్వని బాగున్న చెవివైపే వినిపిస్తే లోపలిచెవి లేదా నరం దెబ్బతిని ఉండవచ్చు. ఆ రోజే చెవి వైద్యునికి చూపించాలి. తల తిరగడం, కొత్తగా చెవిలో హోరు, ముఖం ఒకవైపు వంకర పోవడం కనిపించినా ఆగరాదు. ధ్వని దిబ్బడ వేసిన చెవిలోనే వినిపించినా, వారం దాటి తగ్గకపోతే చూపించుకోవాలి. ఇంటి పరీక్ష వైద్యుని పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు. వినికిడి ఎంత తగ్గిందో చెప్పేది ఆడియోగ్రామ్ మాత్రమే.

నూనె మాత్రం పోయకండి. కర్ణభేరికి చిల్లు ఉంటే నూనె లోపలికి దిగి చీము పట్టిస్తుంది. కాగిన నూనె చర్మాన్ని కాల్చుతుంది. అన్నిటినీ మించి, ఆ నూనె పని చేస్తుందేమోనని ఎదురుచూడడంలో విలువైన రోజులు గడిచిపోతాయి.

ఆ లేఖలో మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టినది చెవి కాదు, నాలుగు రోజులుగా వాడుతున్న బిళ్లలు. అక్కుపల్లి ఉన్న వజ్రపుకొత్తూరు మండలంతోపాటు పలాస, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాల పేర్లు మూత్రపిండాల వ్యాధి వల్ల దేశమంతటా తెలిశాయి. దాని మూలకారణం నేటికీ నిర్ధారణ కాలేదు. మధుమేహమూ రక్తపోటూ లేనివారికి సైతం అది వస్తోంది. లక్షణాలు బయటపడేసరికే మూత్రపిండాలు చాలావరకు దెబ్బతిని ఉంటాయి. అంటే ఆరోగ్యంగా కనిపిస్తున్న మనిషికి కూడా ఆ వ్యాధి ఉండవచ్చు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మందులు మూత్రపిండాలకు రక్తప్రసరణను తగ్గిస్తాయి. ఎండలో చెమటోడ్చినప్పుడు, రమజాన్ ఉపవాసాలలో ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ హాని మరింత. బలహీనపడిన మూత్రపిండాలకు ఇది ప్రమాదకరం.

అటువంటివారికి సాధారణంగా పారాసిటమాల్ మేలు, అదీ వైద్యుడు చెప్పిన మోతాదులో. అయితే పట్టీ మీద పారాసిటమాల్ అన్న పేరు కనిపించగానే నిశ్చింత వద్దు. దుకాణాలలో ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిపిన బిళ్లలు విరివిగా అమ్ముతారు. పేరు మొత్తం చదివించుకోండి.

చెవికీ మూత్రపిండాలకూ ఒకేసారి హాని చేయగల మందులు కూడా కొన్ని ఉన్నాయి. జెంటామైసిన్, అమికాసిన్ అనే సూదిమందులను తీవ్రమైన ఇన్ఫెక్షన్లకు వాడతారు. ప్రాణాలు కాపాడే మందులే అవి. కాని మూత్రపిండాలు బలహీనంగా ఉంటే అవి ఒంట్లోనే నిలిచిపోతాయి. అలా నిలిచిన మందు మూత్రపిండాలను మరింత దెబ్బతీస్తుంది, లోపలిచెవిలోని సూక్ష్మకణాలను కూడా నాశనం చేస్తుంది. ఆ వినికిడి నష్టం తరచుగా శాశ్వతం. నీరు దిగేందుకు మూత్రపిండ రోగులకు ఇచ్చే ఫ్యూరోసెమైడ్ తోడైతే ముప్పు పెరుగుతుంది. కనుక పన్ను వాపుకు ఎవరైనా సూదిమందు ఇవ్వబోతే అది ఏమిటో అడగండి. వైద్యుని నిర్ణయం, తగిన పరీక్షలు లేకుండా చేయించుకోకండి. పన్ను తీయించుకున్నాక రెండు చెవులలోనూ హోరు, వినికిడి తగ్గుదల మొదలైతే పన్నును కాదు, ముందుగా మందుల చీటీని పరిశీలించాలి.

అందుచేత ఉద్దానం వాసులు పన్ను తీయించుకునే ముందు రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్షలు చేయించుకోవడం ఉత్తమం. ఆ కాగితాలు దంతవైద్యునికి చూపించండి. డయాలిసిస్ చేయించుకునేవారు డయాలిసిస్ జరిగిన రోజున పన్ను తీయించుకోరాదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు ప్రభావం ఉంటుంది గనుక మరునాడు మేలు. పలాసలో 2023 డిసెంబరు 14న ప్రారంభమైన 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ఈ ప్రాంతంవారికి అందుబాటులో ఉన్నాయి. చెవి పరీక్షకు శ్రీకాకుళం ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రి, ఇంకా అవసరమైతే విశాఖపట్నంలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి ఉన్నాయి.

మరొక్క మాట. పొగాకు వాడేవారికి పన్ను గాయం మానిన తర్వాత కూడా మూడు వారాలకు మించి ఒక చెవిలో నొప్పి ఉండి, చెవి పరీక్షలో ఏ లోపమూ కనిపించకపోతే గొంతు, నాలుక మొదలు పరీక్ష చేయించుకోవాలి. అక్కడి పుండు కూడా చెవి నొప్పిగానే బయటపడుతుంది.

సోదరీ! మీ భర్తగారి చెవి దిబ్బడ వాపుతోపాటే తగ్గిపోయే అవకాశమే ఎక్కువ. అయినా అది ఖాయమని ఇంట్లో కూర్చుని అనుకోకండి. నూనె పక్కన పెట్టండి, బిళ్లల పట్టీ వెంట తీసుకొని వైద్యుని వద్దకు వెళ్లండి, చెవికి చూపించే రోజే క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించండి. రేపటి ఫజ్ర్ అజాన్ ఆయనకు స్పష్టంగా వినిపించాలని, అల్లాహ్ మీ కుటుంబానికి పూర్ణ స్వస్థత ప్రసాదించాలని వేడుకుంటున్నాము.