స్టాండప్‌లో చెప్పలేని అడ్డంకి

సాఫ్ట్‌వేర్ టీముల్లో రోజూ ఒక పదిహేను నిమిషాల మీటింగు ఉంటుంది. పేరు స్టాండప్. నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, పనికి అడ్డం ఏమిటి... ఒక్కొక్కరూ ఈ మూడూ చెప్పాలి. కూర్చుంటే మాటలు సాగుతాయని నిలబడమన్నారట. నాకు నవ్వొచ్చింది. మా కోనసీమలో అరుగు మీద ఎవరు కూర్చునేవారో, కింద ఎవరు నిలబడి మాట్లాడేవారో కొత్తగా చెప్పాలా? కాకపోతే ఇక్కడ అందరూ నిలబడతారు. అదే తేడా.

2001లో అమెరికాలోని యూటాలో పదిహేడు మంది కలిసి రాసిన ఎజైల్ మేనిఫెస్టోతో ఈ ధోరణికి ఆ పేరు స్థిరపడింది. అందులో బాగా వాడుకలో ఉన్న పద్ధతి స్క్రమ్. పనిని స్ప్రింట్లుగా విడగొడతారు, ఒక్కోటి నెల దాటదు. ఏది ముందో ప్రాడక్ట్ ఓనర్ చెబుతారు. ఎవరు చేయాలి, ఎలా చేయాలి అన్నది టీమే తేల్చుకుంటుంది. స్క్రమ్ మాస్టర్ పని పురమాయించే మేస్త్రీ కాదు, అడ్డంకులు తీసే మనిషి. టీములో అంతస్తులు ఉండవని స్క్రమ్ గైడ్‌లోనే ఉంది.

పుట్టకముందే పని ఖరారయ్యే సమాజంలోంచి వెళ్లిన మన పిల్లలు బోర్డు మీది చీటీ తీసుకుని "ఇది నేను చేస్తా" అనడం చిన్న విషయం కాదు. మనిషి తన పనిని తానే ఎంచుకోవడం గురించి అంబేద్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో వాదించారు.

సరే, టీము తనంతట తానే సర్దుకుంటుంది. దేని చుట్టూ? ఇంటిపేరు అడిగాక, "ఊళ్లో ఎటువైపు?" అని అడిగాక సర్దుకునే తీరు మనకు తెలీదా? దళిత ఇంజనీరుపై కులవివక్ష చూపారంటూ కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ 2020లో సిస్కో మీద కేసు వేసింది. కంపెనీ ఒప్పుకోలేదు. 2023లో ఇద్దరు పైఅధికారుల మీద కేసు వెనక్కి తీసుకున్నారు, కంపెనీ మీద ఉంచారు.

అంతదూరం ఎందుకు, 2022 మే 24 గుర్తుందిగా. జిల్లా పేరులో అంబేద్కర్ వద్దని అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. రోజుల తరబడి నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేస్తున్నవాళ్లు సిగ్నల్ కోసం ల్యాప్‌టాపులతో గోదావరి ఒడ్డుకు పోయారు. ఆ వారం స్టాండప్‌లో "అడ్డం ఏమిటి?" అంటే "నెట్ లేదండి" అనొచ్చు. ఎందుకు లేదో, ఆ పేరు తనకెందుకు ముఖ్యమో చెప్పాలంటే మన పిల్లాడు తన కులం చెప్పుకోవాలి. ఎంతమంది చెప్పగలరు?

స్ప్రింట్ చివర్లో రెట్రోస్పెక్టివ్ ఉంటుంది, ఏది మార్చుకోవాలో మాట్లాడుకోవడానికి. కులం మాట అక్కడ ఎత్తితే ఉద్యోగానికి ఏమీ కాదని కంపెనీలు రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. ఈలోగా తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ బోర్డు మీది పాత చీటీలు ఓసారి తిరగేయండి. పేరొచ్చే పనులు ఎవరికి వెళ్లాయో, రాత్రి డ్యూటీలు ఎవరికి పడ్డాయో లెక్కేసి రాసిపెట్టుకోండి.