తెరపై హెచ్చరిక.. తొందరపడితే తిప్పలే
* సిస్టమ్ ఫైల్ మారిన ప్రతిసారీ వైరస్ కాదు
* చదవకుండా అనుమతిస్తే అసలుకే మోసం

అమీర్‌పేట, పంజాగుట్ట: 'సిస్టమ్ ఫైల్‌లో మార్పు జరిగింది. అనుమతించాలా? నిరోధించాలా?' కంప్యూటర్ తెరపై ఈ ప్రశ్న ప్రత్యక్షమైతే అత్యధికులు చేసే పని ఒక్కటే. చేతికందిన మీట నొక్కి ముందుకు సాగిపోవడం. ఆ ఒక్క నొక్కుతో కొందరి కంప్యూటర్లు మొరాయిస్తుంటే, మరికొందరి పాస్‌వర్డ్‌లు పరుల పాలవుతున్నాయి. భద్రతా సాఫ్ట్‌వేర్ ఇచ్చే హెచ్చరికకు అర్థమేమిటో తెలియకపోవడమే ఈ రెండు అనర్థాలకూ మూలం.

మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ పరిసరాల్లో సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకునేందుకు జిల్లాల నుంచి తరలివచ్చే యువతకు ఈ సమస్య మరింత దగ్గరిది. శిక్షణ కేంద్రాల్లో, నెట్ సెంటర్లలో ఒకే కంప్యూటర్‌పై రోజుకు పలువురి చేతులు పడతాయి. ఒకరి పెన్‌డ్రైవ్ మరొకరి ల్యాప్‌టాప్‌లోకి వెళ్తుంది. హాస్టల్ గదుల్లో ఒకరి నుంచి ఒకరికి చేరే 'క్రాక్' సాఫ్ట్‌వేర్‌ల సంగతి చెప్పనక్కర్లేదు. వాటిని ఎక్కించే ముందు యాంటీవైరస్‌ను ఆపేయాలన్న సలహా కూడా వెంటే వస్తుంది. కాపలాదారును ఇంటికి పంపి, తలుపులు బార్లా తెరవడమంటే ఇదే.

హెచ్చరిక చెప్పేదేమిటి?
విండోస్ వంటి నిర్వహణ వ్యవస్థ వేలాది ఫైళ్లతో నడుస్తుంది. వాటిలో కీలకమైనవి విండోస్ ఫోల్డర్‌లోని 'సిస్టమ్32'లో ఉంటాయి. భద్రతా సాఫ్ట్‌వేర్ ఫైలును గణించి, దానికి వేలిముద్ర వంటి ఒక సంకేతాన్ని రూపొందిస్తుంది. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ ముద్ర మారిపోతుంది. పాత ముద్రతో కొత్తది సరిపోలనప్పుడు హెచ్చరిక వెలువడుతుంది. అంటే మార్పు జరిగిందన్న సంగతినే అది నిక్కచ్చిగా చెప్పగలదు. ఆ మార్పు మంచిదా, చెడ్డదా అన్నది మాత్రం చాలా సందర్భాల్లో దాని అంచనా మాత్రమే.

హెచ్చరికకు ప్రధాన కారణాలు మూడు. మొదటిది అధికారిక అప్‌డేట్. మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం భద్రతా సవరణలు విడుదల చేస్తుంది. కాలమాన భేదం వల్ల అవి మనకు ఆ రాత్రి లేదా బుధవారం అందుతాయి. ఆ వెంటనే ఫైళ్లు మారడం సహజమే. రెండోది హానికర ప్రోగ్రాం పని. మూడోది భద్రతా సాఫ్ట్‌వేర్ పొరబడటం.

కంచే చేను మేస్తే..
ఈ మూడో కారణాన్ని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ సంస్థ విడుదల చేసిన ఒక అప్‌డేట్, విండోస్ ఎక్స్‌పీలోని 'ఎస్‌వీసీహోస్ట్' అనే అసలైన ఫైలును వైరస్‌గా భావించింది. ఫలితంగా పలు దేశాల్లో కంప్యూటర్లు పదేపదే ఆగి మొదలవుతూ నెట్‌వర్క్‌కు దూరమయ్యాయి. అంతకు ముందు 2008 నవంబరులో ఏవీజీ సైతం 'యూజర్32' అనే కీలక ఫైలు విషయంలో ఇలాగే పొరబడింది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన లోపభూయిష్ట అప్‌డేట్ వల్ల సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నిలిచిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇవ్వాల్సి రావడం గమనార్హం.

మనుషులు చేజేతులా చేసుకున్న నష్టమూ ఉంది. ఎలుగుబంటి బొమ్మ ఉన్న ఫైలు వైరస్ అని, వెంటనే తొలగించాలని 2002లో ఈ-మెయిళ్లు ప్రపంచమంతటా తిరిగాయి. నిజానికి అది విండోస్‌తో పాటు వచ్చిన ఫైలే. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్న చందంగా ఎందరో దాన్ని చెరిపేసుకున్నారు.

'నాన్నా పులి' కాకూడదు
పొరపాటు హెచ్చరికలకు అలవాటు పడినవారు అసలు ప్రమాదాన్నీ పట్టించుకోరు. కంప్యూటర్‌లో 'హోస్ట్స్' అనే చిన్న ఫైలు ఉంటుంది. వెబ్‌సైట్ పేరుకు ఏ చిరునామా వర్తిస్తుందో చెప్పే పుస్తకం వంటిది అది. హానికర ప్రోగ్రాం అందులో ఒక్క వరుస చేర్చి, బ్యాంకు పేరు కొడితే నకిలీ చిరునామాకు మళ్లించే ప్రయత్నం చేయగలదు. ఈ ఫైలుపై హెచ్చరిక వచ్చినప్పుడు కంప్యూటర్ యజమాని తానే దాన్ని మార్చాడో లేదో గుర్తు చేసుకోవాలి. మార్చకపోతే అనుమానించాల్సిందే.

అప్‌డేట్‌లంటే విసుగు పడినా ముప్పే. 2017 మే 12న విజృంభించిన 'వాన్నాక్రై' వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14నే సవరణ విడుదల చేసింది. దాన్ని ఎక్కించుకోని కంప్యూటర్లు భారీ సంఖ్యలో బలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లకూ ఆ సెగ తగిలింది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత కంప్యూటర్లతో నెట్టుకొస్తున్న నెట్ సెంటర్లు, చిన్న కార్యాలయాలు ఈ విషయాన్ని గుర్తించాలి.

నష్టం ఎవరికి?
ఇలాంటి పొరపాట్ల భారం చివరకు సామాన్యుడిపైనే పడుతోంది. ఊళ్లో తల్లిదండ్రులు అప్పు చేసి పంపిన సొమ్ముతో కొన్న ల్యాప్‌టాప్, అందులోని ధ్రువపత్రాలు, నెలల తరబడి చేసిన ప్రాజెక్టు.. ఒక్క తప్పుడు నొక్కుతో దూరం కావచ్చు. జావా, డాట్‌నెట్, ఒరాకిల్ నేర్పే చోట మొదటి రోజే ఈ పాఠం కూడా చెబితే విద్యార్థులకు మేలు జరుగుతుంది. అందుకు అయ్యేది అరగంట సమయమే.

ఇలా చేస్తే మేలు
* హెచ్చరికలోని ఫైలు పేరు, అది ఉన్న చోటు రాసుకోవాలి. 'ఎస్‌వీసీహోస్ట్'కు బదులు 'ఎస్‌సీవీహోస్ట్' అని అక్షరాలు తారుమారైనా, సిస్టమ్ ఫైలు పేరుతో ఉన్నది పెన్‌డ్రైవ్‌లోనో డౌన్‌లోడ్స్‌లోనో కనిపించినా అనుమానించాలి.
* అంతకు కాస్త ముందు అప్‌డేట్ గానీ, కొత్త సాఫ్ట్‌వేర్ గానీ ఎక్కించారేమో చూసుకోవాలి.
* ఫైలును వెంటనే తొలగించకుండా 'క్వారంటైన్'లో ఉంచాలి. పొరపాటని తేలితే వెనక్కు తెచ్చుకోవచ్చు.
* 'వైరస్‌టోటల్' వెబ్‌సైట్‌లో ఫైలును పలు యాంటీవైరస్‌లతో ఒకేసారి పరీక్షించుకోవచ్చు. సొంత పత్రాలు మాత్రం అందులో పెట్టరాదు.
* విండోస్ ఫైళ్లు దెబ్బతిన్నట్లు తోస్తే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్ హోదాలో తెరిచి 'ఎస్ఎఫ్‌సీ /స్కాన్‌నౌ' ఆదేశమిస్తే, సాధ్యమైన మేరకు అదే సరిచేస్తుంది.
* బ్రౌజర్‌లో ఫోన్ నంబరుతో కనిపించే 'మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది' ప్రకటనలు మోసపూరితం. ఆ నంబరుకు ఫోన్ చేయరాదు.
* ముఖ్యమైన పత్రాల నకలును కంప్యూటర్‌కు దూరంగా వేరే డిస్కులో భద్రపరచాలి.
* డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయాలి.