మన తొలి ఆల్బమ్ ఎప్పుడు?

బదిలీ ఉత్తర్వు రాగానే చేసే పనులు మనందరికీ తెలిసినవే. సామాను అట్టపెట్టెల్లో సర్దుతాం, బడిలో టీసీ తీసుకుంటాం, క్వార్టర్ దొరికేదాకా ఎక్కడో సర్దుకుంటాం. ఎవరూ చెప్పకుండానే చేసే పని ఇంకొకటి ఉంది. కొత్త తరగతిలో నలుగురూ ఎలా మాట్లాడుతున్నారో విని, నెల తిరగకుండానే అలాగే మాట్లాడేస్తాం. ఊరూరూ తిరిగే మా ఉపాధ్యాయులమూ అంతే. ఢిల్లీకి వచ్చిన కొత్తలో కూరగాయల బండి దగ్గర మా హిందీ విని నవ్వినవాళ్లున్నారు. వాళ్ల యాసే నేర్చుకుని గట్టెక్కాం.

ఇలా అనుకరించడం తప్పు కాదు. కానీ అక్కడే ఆగిపోకూడదని మా అభిప్రాయం. ఇందుకు ఢిల్లీలోనే ఒక ఉదాహరణ ఉంది.

మా విద్యార్థి ఒకరు చెబితే 'బ్లడీవుడ్' అనే బ్యాండ్ పాటలు విన్నాం. నిజం చెప్పాలంటే, మొదట గోలలాగే అనిపించింది. మెటల్ సంగీతం కదా, గిటార్ హోరు, గొంతు చించుకునే అరుపులు. కానీ బుర్రకథలో వీరరసం పండేటప్పుడు కథకుడు గొంతు పెంచితే దాన్ని గోల అనం కదా అని మళ్లీ విన్నాం. ఆ హోరులో ఢోలు, వేణువు కూడా వినిపించాయి.

ఈ బ్యాండ్ 2016లో ఢిల్లీలో మొదలైంది. గిటార్, వేణువు వాయించే కరణ్ కటియార్ అంతకుముందు న్యాయవాది. జయంత్ భదూలా గాయకుడు, రౌల్ కెర్ ర్యాప్ చేస్తాడు. మొదట్లో వీళ్లు అందరికీ తెలిసిన పాటలనే సరదాగా మెటల్ బాణీలోకి మార్చి పాడేవారు. అంటే అనుకరణే. తర్వాత సొంత పాటలు రాసుకున్నారు. 2019లో జర్మనీలోని ప్రసిద్ధ వాకెన్ ఉత్సవంలో పాడారు. 2022 ఫిబ్రవరి 18న సొంత పాటలతో తొలి స్టూడియో ఆల్బమ్ 'రక్షక్'ను తామే విడుదల చేశారు.

అందులో హిందీ, పంజాబీ, ఇంగ్లిష్ కలిసిపోయి ఉంటాయి. 'ఎండ్యూరెంట్' అనే పాట తోటివారిని ఏడిపించే వాళ్లకు ఎదురు నిలవమంటుంది. 'జీ వీరే' మానసికంగా కుంగిపోయిన వారికి ధైర్యం చెబుతుంది. ఏటా కొత్త బడిలో చివరి బెంచీలో కూర్చునే పిల్లలకు ఈ రెండు మాటలూ అవసరమే. అయితే ఆల్బమ్‌లోని ప్రతి పాటా చిన్నపిల్లలకు తగినది కాదు. పెద్దవాళ్లను అడిగి, ఎంచుకుని వినండి.

మేం దిద్దుకోవలసింది కూడా ఒకటుంది. "మేడమ్, మేరా పుస్తకం ఇంట్లో ఛూట్ గయా" అన్న పిల్లలను ఇన్నాళ్లూ గదమాయించాం. దాంతో వాళ్లు ఉన్న తెలుగు కూడా మానేసి, పూర్తిగా హిందీలోకి వెళ్లిపోయారు. కలిసిన భాష పోయింది, అసలు భాషా మిగల్లేదు. ఇకమీదట పరీక్ష పేపర్లో దిద్దుతాం, అది మా పని. మాట్లాడేటప్పుడు మాత్రం ఆపం.

మీ తెలుగులో కాస్త ఢిల్లీ, కాస్త వైజాగ్, ఇంకాస్త మీరు చదివిన మరో ఊరు ఉండవచ్చు. అలాంటి తెలుగు మీకే ఉంటుంది. సిగ్గెందుకు?

బడి బస్సులో అమ్మమ్మ ఫోన్ చేస్తే గొంతు తగ్గించి "తర్వాత చేస్తా" అని పెట్టేసే పిల్లలను మేం చూశాం. ఈసారి పెట్టేయకండి. పక్క సీటువాళ్లకు వినబడినా ఫరవాలేదు, మీకు వచ్చిన తెలుగులోనే మాట్లాడండి. తప్పులుంటే అమ్మమ్మ ఏమీ అనుకోదు. మేమూ అనుకోం.