బడి దాకా నడుద్దాం

మా ఇంటి నుంచి పాప బడి పదిహేను నిమిషాల నడక. అయినా రెండేళ్లు కారులోనే దింపాను. లండన్ చలి, వాన, ఆఫీసు తొందర... సాకులకు కొదవా! బడి గేటు ముందు ఇంజను ఆపకుండా నిలిపిన కార్లలో నాదీ ఒకటి. ఆ పొగ పీల్చేది మన పిల్లలేనన్న ఆలోచనే రాలేదు.

ఈ నగరంలోనే, లూయిషమ్‌లో సౌత్ సర్క్యులర్ రోడ్డుకు దగ్గరగా ఉండే ఎల్లా అడూ కిస్సీ డెబ్రా అనే తొమ్మిదేళ్ల చిన్నారి 2013లో తీవ్రమైన ఆస్తమాతో కన్నుమూసింది. ఆ మరణానికి వాయు కాలుష్యం కూడా కారణమని 2020 డిసెంబరులో కరోనర్ తేల్చారు. తల్లి ఏళ్ల తరబడి పోరాడితే వచ్చిన తీర్పు అది.

2023 ఆగస్టు 29 నుంచి లండన్ అంతటా యూలెజ్ అమలవుతోంది. ప్రమాణాలకు తగని కారుకు రోజుకు 12.50 పౌండ్ల రుసుము. 'మనది కొత్త కారే' అని చాలామందిమి నిశ్చింతగా ఉన్నాం. రుసుము లేనంత మాత్రాన పొగ లేనట్టు కాదు.

కారు అమ్మేయమనడం లేదు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను ఆస్పత్రికి తీసుకెళ్లాలంటే కావాల్సిందే. దగ్గరి పనులకు మానుకుందాం. పదకొండేళ్లలోపు పిల్లలకు ఇక్కడ బస్సు ఉచితం. ఒకే వీధిలోని నాలుగు కుటుంబాలు వంతులవారీగా పిల్లలను నడిపించుకు వెళ్లొచ్చు. మన సంఘాలు ఉగాది, బతుకమ్మ వేడుకలకు ట్యూబ్ స్టేషన్ దగ్గరి హాలు చూడాలి. ఆహ్వానంలో పార్కింగ్ వివరాలకంటే ముందు బస్సు నంబరు వేయాలి.

ఈ నెల నుంచి మేం నడుస్తున్నాం. దారి పొడవునా పాప తెలుగులో కబుర్లు చెబుతోంది. కారులో ఆ తీరిక ఏనాడూ దొరకలేదు.