నోటీసు అంటిస్తే సర్వే అయిపోయినట్టేనా?

ముంబయి ద్వీపనగరంలో 1969కి ముందు కట్టిన అద్దె భవనాలు మరమ్మతుల కోసం సెస్సు కడుతున్నాయి. ఏటా వానలకు ముందు మ్హాడా మరమ్మతుల మండలి వాటిని సర్వే చేస్తుంది. అత్యంత ప్రమాదకరమైనవాటి జాబితా పత్రికల్లో వస్తుంది, గోడకు నోటీసు పడుతుంది. అంతటితో బాధ్యత తీరిందనుకోవడం దగ్గరే నాకు పేచీ.

భేండీ బజారు హుస్సేనీ భవనం ప్రమాదకరమని 2011లోనే తేల్చారు. 2017 ఆగస్టు 31న అది కూలి 33 మంది చనిపోయారు. సర్వే నిజమే చెప్పింది. మరి ఆ ఆరేళ్ళూ ఏమైనట్టు?

నేను బ్యాంకు ఉద్యోగిని. అప్పు మొండిబాకీ అని తేలితే, ఆ మాట రాసి ఊరుకుంటే మాకు చెల్లదు. నష్టానికి తగిన సొమ్ము లాభంలోంచి తీసి పక్కన పెట్టాలి. భవనాల లెక్కలో ఆ రెండో పద్దు ఏది?

"ఖాళీ చెయ్యమంటే వినరు" అంటారు. ఎలా వింటారు? తాత్కాలిక శిబిరాలకు వెళ్ళినవాళ్ళు ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోవడం చూస్తూనే ఉన్నారు కదా! పని, పిల్లల బడి, అద్దె రశీదు అన్నీ ఆ గదితోనే ముడిపడి ఉన్నాయి.

కామాఠీపురాకు పేరిచ్చిన కామాఠీలు మన తెలుగు కూలీలు. అక్కడి ఇరుకు గదుల్లో మనవాళ్ళు ఇంకా ఉన్నారు. ఈ గదిలో ఎవరున్నారు, ఎక్కడికి పంపుతారు, ఎప్పటికి తిరిగి తెస్తారు - సర్వే కాగితంలో పగుళ్ళ లెక్క పక్కన ఈ మూడు గడులూ ఉండాలి. ఉగాది సభలు జరిపే మన సంఘాలు వచ్చే వానాకాలం లోపు ఈ కోరికను రాతపూర్వకంగా మండలికి అందజెయ్యాలి, జవాబు కూడా రాతపూర్వకంగానే అడగాలి.