శ్రుతి కలిసేలోగా బ్యాటరీ ఖర్చు!

వైర్లు లేని ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని హాయిగా పాట వింటుంటారు. సెల్‌ఫోన్‌కీ దానికీ మధ్య నడిచే బ్లూటూత్ కబుర్లు ఒకే ఫ్రీక్వెన్సీ మీద సాగవు. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్, పక్కింటి వైఫై... అన్నీ ఆ చుట్టుపక్కలే కాపురం. వాటి గోల తప్పించుకోవడానికి 79 ఛానళ్ల మధ్య సెకనుకి 1600 సార్లు గెంతుతుంటాయి. ఒక్కో మజిలీ 625 మైక్రోసెకన్లు. సెకనును పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క మైక్రోసెకను. మామూలు మజిలీలో సమాచారానికి 366 దాకా పోతాయి. మిగిలిన 259లోనే తర్వాతి ఛానల్‌తో శ్రుతి కలిసిపోవాలి.

ఆ పని చేసేది ఫ్రీక్వెన్సీ సింథసైజర్. సినిమా పాటల్లో వాయించే కీబోర్డు అనుకునేరు, అది వేరు! ఇది చిప్‌లో ఆవగింజంత చోటులో ఇమిడిపోయే సర్క్యూట్.

క్వార్ట్జ్ స్ఫటికం లయ తప్పదు. కానీ దానికి తెలిసింది ఒక్కటే లయ, సెకనుకి కోటీ అరవై లక్షల ఊపులు (16 మెగాహెర్ట్జ్) అనుకుందాం. బ్లూటూత్‌కి 2402 నుంచి 2480 మెగాహెర్ట్జ్ దాకా కావాలి. పాతకాలం వాకీటాకీల్లో ఛానల్‌కో స్ఫటికం పెట్టేవారు. 79 స్ఫటికాలంటే ఇయర్‌ఫోన్ చెవిలో కాదు, సంచీలో పట్టుకెళ్లాలి. అందుకే చిప్‌లో ఇంకో ఆసిలేటర్ ఉంటుంది. వేగం బోలెడు, నిలకడ తక్కువ. వోల్టేజీ పెంచితే పరుగెడుతుంది, వేడి తగిలితే దారి తప్పుతుంది. దాని ఊపుల్ని ఒక అంకెతో భాగించి క్వార్ట్జ్ లయ పక్కన పెట్టి పోలుస్తారు. వెనకబడితే వోల్టేజీ కాస్త పెంచడం, ముందుకెళ్తే తగ్గించడం. రెండూ కలిసి అడుగేస్తే 'లాక్' అయినట్టు. దీన్నే ఫేజ్ లాక్డ్ లూప్, ముద్దుగా పీఎల్ఎల్ అంటారు. 1932లో ఫ్రాన్స్‌కి చెందిన ఆన్రీ ద బెల్లెసీజ్ రేడియో రిసీవర్ల కోసం ఈ పద్ధతిని వివరించారు. మీ ఇంట్లో ఈసీఈ చదివినవాళ్లుంటే 565 ఐసీ గురించి అడిగి చూడండి. ల్యాబ్‌లో దాంతో కుస్తీ పట్టే ఉంటారు.

లాక్ కావడానికి పట్టే సమయంతో వచ్చే చిక్కేమిటంటే... కొత్త కాలనీలో ఇల్లు వెతుక్కునేంతసేపూ ఆటో మీటరు తిరుగుతూనే ఉంటుంది కదా, అలా లాక్ కోసం ఎదురుచూసే ప్రతి మైక్రోసెకనూ బ్యాటరీ కరుగుతుంటుంది. తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్ రకంలో 'ఉన్నాను' అని చెప్పే ఖాళీ ప్యాకెట్‌కి పట్టేది 80 మైక్రోసెకన్లే. లాక్‌కి కూడా 80 పట్టిందంటే, చెప్పేది సగం, సన్నాహం సగం!

ఇయర్‌ఫోన్ అయితే మళ్లీ ఛార్జింగ్ పెట్టుకోవచ్చు. గుండె దగ్గర చర్మం కింద అమర్చే పేస్‌మేకర్ మాటేమిటి? దాని బ్యాటరీ అయిపోతే శస్త్రచికిత్స చేసి పెట్టెనే మార్చాలి. శరీరంలో అమర్చే పరికరాల రేడియో కోసం అమెరికా 1999లో 402-405 మెగాహెర్ట్జ్ కేటాయించింది. ఇప్పుడు బ్లూటూత్‌తో మాట్లాడే పేస్‌మేకర్లూ వచ్చాయి. ఆ కబుర్లకయ్యే ఖర్చంతా గుండెను తట్టాల్సిన బ్యాటరీలోంచి తీసిందే.

మరి గబగబా లాక్ చేసేయొచ్చుగా? అక్కడే ఉంది పేచీ. కంగారుగా దిద్దే లూప్ చెత్తనంతా లోపలికి రానిచ్చి పక్క ఛానళ్ల మీద చిమ్ముతుంది. నిదానంగా దిద్దేది శుభ్రంగా ఉంటుంది, కానీ ఆలస్యం. పైగా పోలిక వేగంలో పదో వంతు దాటి దిద్దబోతే లూప్ తూలిపోయే ప్రమాదముంది. అందుకే పోలికలే పెంచాలి, నేరుగా 16 మెగాహెర్ట్జ్‌తో పోల్చాలి. 150తో భాగిస్తే 2400 వస్తుంది, 151తో అయితే 2416. మనకు కావాల్సిన 2402 ఎలా? ఎనిమిదిసార్లలో ఏడుసార్లు 150తో, ఒకసారి 151తో భాగిస్తే సగటున సరిగ్గా 2402! అయితే ఈ వరస మళ్లీ మళ్లీ వస్తుంటే అదే ఓ రొదగా వినబడుతుంది. ఆ వరసను కావాలనే చెదరగొట్టి, రొదను వడకట్టడానికి వీలైన చోటికి తోసేసే ఉపాయాన్ని 1993లో కెనడా పరిశోధకులు రైలీ, కోప్‌లాండ్, క్వాస్నియెవ్‌స్కీ ప్రచురించారు. నాకైతే ఈ కథలో బాగా నచ్చిన మలుపు ఇదే.

ఇంకో ఉపాయం మన తంబురాలోనే ఉంది. ముందు బిరడా తిప్పి దాదాపుగా దగ్గరికి తెస్తారు, తర్వాత పూసలు జరిపి శ్రుతి దిద్దుతారు. చిప్‌లోనూ అంతే. మొదట కెపాసిటర్ల గుంపుతో మోటుగా గెంతి, లూప్‌ని వేగంగా వదిలి, దగ్గరపడగానే నిదానానికి మారుస్తారు. నిరుడు ఏ ఛానల్‌కి ఏ వోల్టేజీ పట్టిందో గుర్తుపెట్టుకుంటే సరిపోదా అంటే, వేడి మారితే ఆ లెక్కా మారుతుంది. మళ్లీ సరిచూసుకోవాల్సిందే.

సింథసైజర్‌లో ఎక్కువ కరెంటు తాగేది ఆ వేగపు ఆసిలేటర్, దాని పక్కనే ఉండే భాగహారం సర్క్యూట్. సెకనుకి 240 కోట్ల ఊపులు లెక్కపెట్టడం మాటలా! ఆసిలేటర్‌కి కరెంటు కోత పెడితే దాని శ్రుతిలో గరగర పెరుగుతుంది. కాబట్టి పస్తులు పెట్టడం కంటే, త్వరగా పని ముగించి పడుకోబెట్టడమే లాభసాటి బేరం.

తమాషా ఏమిటంటే, పీఎల్ఎల్‌ని పదుల మైక్రోసెకన్లకి దించాక అసలు ఆలస్యం క్వార్ట్జ్ దగ్గరే తేలింది. నిద్ర లేచిన స్ఫటికం ఊపందుకోవడానికి వందల మైక్రోసెకన్లు, ఒక్కోసారి మిల్లీసెకను పైనే తీసుకుంటుంది. పరిశోధకులిప్పుడు దాని లయకు దగ్గరి లయలో ముందే కాసేపు ఊపి వదిలే పద్ధతులు చూస్తున్నారు, ఉయ్యాలలోని పిల్లాడిని తోసినట్టు. అన్నీ నిద్రపోతున్నా మెలకువగా ఉండి, టైముకి అందరినీ లేపే పని మాత్రం చాలా చిప్‌లలో చేతిగడియారాల్లో ఉండే బుల్లి స్ఫటికానిదే. సెకనుకి 32,768 ఊపులతో, నామమాత్రపు కరెంటుతో!