పటం మీద ప్రతాపం

మళ్లీ మొదలైంది. ఎన్నికలు దగ్గరపడినా, పక్క రాష్ట్రంలో కొత్త పథకం వచ్చినా, ఏమీ తోచని ఆదివారం వచ్చినా మనవాళ్లకు సరిహద్దు గుర్తుకొస్తుంది. ఈసారి వాట్సాప్‌లో ఒక పటం తిరుగుతోంది. తెలంగాణ పడమటి అంచు దాటి ఒక ఎర్రగీత నాందేడ్ జిల్లాలోకి చొరబడి కిన్వట్, ధర్మాబాద్, బిలోలీ, దెగ్లూర్, ముఖేడ్ అన్నింటినీ మింగేసింది. తెలుగువాడు ఉన్నచోటల్లా తెలుగు నేలేనట, 1956లో జరిగిన ద్రోహాన్ని ఇప్పుడైనా సరిదిద్దాలట. ఆ పటం గీసిన మహానుభావుడు ముఖేడ్‌ను తీసుకెళ్లి ముద్‌ఖేడ్ ఉన్నచోట పెట్టాడు. ముద్‌ఖేడ్ గోదావరికి అవతల ఉన్న రైల్వే జంక్షన్. ముఖేడ్ ఇవతల, దెగ్లూర్‌కూ కంధార్‌కూ నడుమ ఉన్న తాలూకా కేంద్రం. అక్కడికి రైలే లేదు. తాను విముక్తి చేయబోయే ఊరు నదికి ఏ ఒడ్డున ఉందో తెలియనివాడు మనకు చరిత్ర పాఠం చెబుతున్నాడు. దాన్ని చదువుకున్నవాళ్లే పదిమందికీ పంపుతున్నారు!

ద్రోహం అంటున్నారు కాబట్టి ఆ ద్రోహపత్రం ఏమిటో చూద్దాం. 1956 రాష్ట్రాల పునర్విభజన చట్టం ఎనిమిదో సెక్షన్ తీయండి. హైదరాబాద్ రాష్ట్రంలోని నాందేడ్ జిల్లాను బొంబాయి రాష్ట్రానికి ఇచ్చారు, కొన్ని ముక్కలు మినహాయించి. ఆ ముక్కలు ఏవి? దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు. ముధోల్ తాలూకాలోని ముధోల్, భైంసా, కుబీర్ సర్కిళ్లు. ఇవన్నీ అంతకుముందు నాందేడ్ జిల్లావి, 1956 నవంబరు 1న మనవైపు వచ్చినవి. అటు పోయినవి ఆదిలాబాద్ జిల్లాలోని కిన్వట్, రాజురా తాలూకాలు, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిల్. అంటే తాలూకాలను చీల్చి, రెవెన్యూ సర్కిల్ వారీగా లెక్కగట్టి పంచారు. పంపకం సక్రమంగా జరిగిందా అంటే వాదించుకోవచ్చు. కానీ కిన్వట్ పోయిందని గుండెలు బాదుకునేవాడు భైంసా వచ్చిందన్న సంగతి ఎత్తడేం? జుక్కల్ బజారులో ఇవాళ్టికీ మరాఠీ వినిపిస్తుంది. భాషే కొలత అయితే ఆ మరాఠీ ఇళ్ల సంగతేమిటి? రేపు నాందేడ్‌లో ఇలాంటివాడే ఒకడు ఇలాంటి పటమే గీసి జుక్కల్, భైంసా మావి అంటే ఏ మొహం పెట్టుకుని కాదంటాం?

ఇక్కడ ఒక మాట అడగాలి. 1956 నుంచి 2014 దాకా తెలంగాణ ఏమని కొట్లాడింది? ఒకే భాష మాట్లాడినంత మాత్రాన ఒకే రాష్ట్రంలో ఉండాలనే నియమం లేదని. నీళ్లు, నిధులు, నియామకాలు అసలు సంగతని. రాష్ట్రాల పునర్విభజనకు వేసిన ఫజల్ అలీ కమిషన్ కూడా 1955లో తెలంగాణను అప్పటికి విడిగా ఉంచమనే చెప్పింది. ఆ వాదంతోనే రాష్ట్రం తెచ్చుకున్నవాళ్లు ఇప్పుడు నాందేడ్ వైపు తిరిగి, తెలుగు మాట్లాడుతున్నారు కాబట్టి మా రాష్ట్రంలోకి రండి అంటున్నారు. తూర్పు సరిహద్దుకు ఒక సిద్ధాంతం, పడమటి సరిహద్దుకు ఇంకో సిద్ధాంతమా? ఏదో ఒకదాని మీద నిలబడండి.

సరే, ఊళ్లవాళ్లే అడుగుతున్నారు కదా అంటారు. అడిగారు, నిజమే. 2018లో ధర్మాబాద్ తాలూకా సర్పంచులు కొందరు మమ్మల్ని తెలంగాణలో కలపండి అన్నారు. ఎందుకన్నారు? ఆ ఏడే రైతుబంధు మొదలైంది. ఎకరాకు పంటకు 4,000 రూపాయలు. చెరువు గట్టు అవతలి రైతుకు చెక్కు వస్తే ఇవతలి రైతు కడుపు మండదా? మండింది, అడిగాడు. అందులో మాతృభాషా గోడు ఎక్కడుంది? తమ ప్రభుత్వం మెడ వంచడానికి పక్క ప్రభుత్వం పేరు ఎత్తడం పల్లెల్లో అందరికీ తెలిసిన విద్య. తరవాత 2024లో మహారాష్ట్ర లాడ్కీ బహిణ్ పేరుతో ఆడవాళ్లకు నెలకు 1,500 ఇవ్వడం మొదలుపెట్టింది. మరి ఇప్పుడు సరిహద్దులోని మన మద్నూర్‌ను మహారాష్ట్రలో కలిపేద్దామా? ప్రతి బడ్జెట్‌కూ సర్వేయరును పిలిచి గొలుసు పట్టిద్దామా?

భాషావాదానికి ముఖేడ్ చుట్టుపక్కల తండాల దగ్గర అసలు నోరు పెగలదు. అక్కడి బంజారాలు ఇంట్లో మాట్లాడేది మరాఠీ కాదు, తెలుగు కాదు, గోర్ బోలి. వాళ్లను ఏ భాషా రాష్ట్రంలో కలుపుతారు? మహారాష్ట్రలో వాళ్లు విముక్త జాతి. సరిహద్దు దాటి తెలంగాణలోకి వస్తే 1976 సవరణ నుంచి షెడ్యూల్డు తెగ. బీదర్ వైపు కర్ణాటకలోకి వెళ్తే షెడ్యూల్డు కులం. బిడ్డను ఇచ్చి పుచ్చుకునే చుట్టాలే, మూడు దిక్కులా మూడు సర్టిఫికెట్లు. 2025లో మరాఠాలకు నిజాం కాలపు హైదరాబాద్ గెజెట్ ఆధారంగా కుణబీ కులపత్రాలు ఇస్తామని మహారాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వగానే, ఆ గెజెట్టే చూపించి మమ్మల్ని తెగల జాబితాలో చేర్చండని బంజారాలు రోడ్డెక్కారు. నిజాం పోయి డెబ్బై ఏళ్లు దాటినా ఆయన కాగితాలే వెతుక్కోవాల్సిన గతి. సరిహద్దు మనిషిని కోసే చోటు ఇది. పాస్ పుస్తకంలో, మహారాష్ట్ర భూపత్రమైన సాత్‌బారాలో, కులపత్రంలో, బడి దాఖలాలో. ఎర్రగీత జరిపితే ఈ కోత మానదు, కొత్తగా ఇంకొకరికి పడుతుంది.

ఇప్పుడు అసలు కడుపుమంట సంగతికి వస్తాను. ముఖేడ్ పేరు మీద ఇంత ప్రేమ కారుస్తున్నవాళ్లలో ఎంతమందికి గోణేగావ్ తెలుసు? ముఖేడ్ తాలూకాలో గోణేగావ్ దగ్గర లెండి నది మీద ఆనకట్ట ఉంది. ఆ నది ఉద్గీర్ వైపు పుట్టి మంజీరలో కలుస్తుంది. మహారాష్ట్ర, నాటి ఆంధ్రప్రదేశ్ కలిసి తలపెట్టిన అంతర్రాష్ట్ర ప్రాజెక్టు అది. మునిగేది ముఖేడ్ ఊళ్లు, పారేది దెగ్లూర్ పొలాలూ ఇటు మన మద్నూర్ పొలాలూ. 1980ల నాటి ముచ్చట ఇది. ఆ రోజుల్లో బడికి వెళ్లిన పిల్లలు ఇవాళ మనవళ్లను ఎత్తుకుంటున్నారు. నిధుల దగ్గరా పునరావాసం దగ్గరా అటువాళ్లూ ఇటువాళ్లూ ఒకరినొకరు వేలెత్తి చూపుకోవడమే. ఇద్దరి ప్రాజెక్టు కాస్తా ఎవరికీ పట్టని ప్రాజెక్టు అయింది.

పునరావాసం తెమలకుండానే ఆనకట్ట పని ముందుకు నడిచింది. 2025 ఆగస్టులో కుండపోత వాన పడింది. ఒక్క రాత్రిలో హస్నాల్, రావణ్‌గావ్, భాస్వాడీ, భింగేలీ ఊళ్లను నీళ్లు చుట్టుముట్టాయి. మనుషులు ఇళ్లలోనే పోయారు. గొడ్లు కట్టుగొయ్యల దగ్గరే పోయాయి. సైన్యాన్ని పిలవాల్సి వచ్చింది. చనిపోయినవాళ్ల ఇంటి భాష ఏదని ఆ నీళ్లు అడగలేదు. ఆ వారం మన సరిహద్దు వీరులు ఎక్కడున్నారు? హైదరాబాద్‌లో ఒక్క సభ జరిగిందా? మద్నూర్‌కు పారబోయే నీటి కోసం మునిగే ఊళ్లకు మనమూ బాకీ ఉన్నామని ఒక్క పెద్దమనిషి అన్నాడా? తెలుగు నేల అని ఎర్రరంగు పులమడానికి ముఖేడ్ కావాలి. ముఖేడ్ మునిగినప్పుడు మాత్రం అది పక్క రాష్ట్రం వ్యవహారం.

అవతలివాళ్లు మాత్రం తక్కువ తిన్నారా అంటే లేదు. కర్ణాటకలోని బెళగావి పేరు చెప్పి మహారాష్ట్ర నాయకులు రెండు తరాలు గడిపేశారు. మహాజన్ కమిషన్ 1967లో ఊరూరూ లెక్కపెట్టి 264 ఊళ్లు మహారాష్ట్రకు, 247 ఊళ్లు కర్ణాటకకు ఇమ్మంది. మహారాష్ట్ర ఒప్పుకోలేదు. 2004లో సుప్రీంకోర్టుకెక్కింది. ఒక్క ఊరూ కదలలేదు. 2022 చివర్లో మళ్లీ నిప్పు రాజుకుంటే దెబ్బతిన్నదల్లా బస్సులే. ఇక రాజురా కొండల్లో కెరమెరి, జివతి నడుమ ఉన్న పద్నాలుగు ఊళ్ల కథ వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. రెండు రాష్ట్రాలూ మావే అంటాయి. రెండు ఓట్లు, రెండు రేషన్ కార్డులు, రెండు బడులు. సాగు చేసుకునే భూమికి గట్టి పట్టా కోసం మాత్రం ఎదురుచూపులే. రెండు రాష్ట్రాలు ఉండి కూడా దిక్కులేని ఊళ్లు అవి. కలపడం, విడదీయడం అంటూ ఎగిరేవాళ్లు ముందు ఒకసారి అక్కడికి వెళ్లి రావాలి.

తిరుత్తణి పంపకం జరిగింది కదా, పటాస్కర్ తీర్పుతో 1960లో ఆంధ్ర, మద్రాసు ఊళ్లు మార్చుకున్నాయి కదా అని ఎవరో అంటారు. జరిగింది. రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నాయి కాబట్టి జరిగింది. ఇప్పుడు ఒప్పుకునేదెవరు? రాజ్యాంగం మూడో అధికరణ ప్రకారం సరిహద్దు మార్చేది పార్లమెంటు. ఈ వాట్సాప్ సేనాపతులు ఢిల్లీకి ఒక్క అర్జీ అయినా పెట్టారా?

మరి నువ్వేం చేయమంటావు అని అడుగుతారు. బాభ్లీ చూడండి. ధర్మాబాద్ దగ్గర గోదావరి మీద మహారాష్ట్ర కట్టిన బ్యారేజీ. దాని మీద ఎంత రచ్చ జరిగింది! 2013లో సుప్రీంకోర్టు పటం జోలికి పోలేదు, క్యాలెండరు ఇచ్చింది. జులై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తి ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీలు కిందికి వదలాలి. ఏటా జులై 1న రెండు రాష్ట్రాల ఇంజనీర్లు, కేంద్ర జల సంఘం వాళ్లు అక్కడ నిలబడి గేట్లు ఎత్తిస్తారు. లెండికీ ఇలాంటిది ఒకటి కావాలి, పునరావాసం లెక్కతో సహా. భాష సంగతికొస్తే, భాషా రాష్ట్రాలను తెచ్చిన 1956 నాటి ఏడో సవరణే 350ఏ అధికరణ కూడా తెచ్చింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక చదువు సొంత భాషలో చెప్పే ఏర్పాటు చేయాలని ప్రతి రాష్ట్రానికీ చెప్పింది. భాషా రాష్ట్రాల మాట మనకు గుర్తుంది, వాటితోపాటు వచ్చిన ఈ బాధ్యతను ఇద్దరం మరిచిపోయాం. 2018లో తెలంగాణ తెలుగును, 2020లో మహారాష్ట్ర మరాఠీని బడుల్లో తప్పనిసరి చేస్తూ చట్టాలు చేసుకున్నాయి. దెగ్లూర్‌లో తెలుగు పంతులు కావాలని అడిగే నోరు మనకు రావాలంటే జుక్కల్‌లో మరాఠీ పంతులును మనం పెట్టాలి.

ఇంకో వింత. సరిహద్దు తగాదాలు, భాషా మైనారిటీల సమస్యలు మాట్లాడుకోవడానికని ఆ 1956 చట్టమే జోనల్ కౌన్సిళ్లు పెట్టింది. మహారాష్ట్ర పశ్చిమ కౌన్సిల్లో ఉంది, మనం దక్షిణ కౌన్సిల్లో. ముఖేడ్, మద్నూర్ ఒకే బల్ల దగ్గర కూర్చోనే కూర్చోవు. రెండు కౌన్సిళ్లు కలిసి సమావేశం కావచ్చని చట్టంలో ఉంది. ఆ సమావేశం పెట్టించండి. కొట్లాడాలనిపిస్తే దానికోసం కొట్లాడండి.

ఇకమీదట ఎవరైనా మీ దగ్గరకొచ్చి నాందేడ్ ఊళ్లను కలిపేద్దాం అంటే మూడు ప్రశ్నలు వేయండి. భైంసా, జుక్కల్ తిరిగి ఇస్తావా? తండాలోని బంజారాను ఏ భాషా రాష్ట్రంలో పెడతావు? హస్నాల్‌లో మునిగిన ఇంటికి మన వంతు ఏమిస్తావు? మూడింటిలో ఒక్కదానికీ జవాబు లేనివాడికి సరిహద్దు గురించి నోరెత్తే హక్కు లేదు.